పగడాలకు గుడారం

వంటింటి గోడ కొట్టించాలని మిషను పిన్ని కాపురానికి వచ్చిన కొత్తలోనే అనుకుంది. ఇద్దరు నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరి డొక్కలో గుచ్చుకునే వంటిల్లు అది. హాలుకూ దానికీ నడుమ ఉన్న అడ్డుగోడ తీసేస్తే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుందని ఆమె ఏళ్ల తరబడి మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన ప్రతిసారీ తల ఊపేవాడు. ఊపి, తొట్టి వంక చూసేవాడు.

ఆ తొట్టి సంగతి ముందు చెప్పాలి. అడ్డుగోడకు బారెడు దూరంలో, హాల్లో ఇనుప బల్ల మీద, మనిషి పడుకుంటే సరిపోయేంత గాజు తొట్టి. అందులో నీళ్లు మామూలు నీళ్లు కావు, సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు. అందులో ఉన్నవి బతికున్న పగడాలు. రాయిలా కదలకుండా ఉంటాయి, పువ్వులా విచ్చుకుంటాయి, మెడలో వేసుకునే పగడాలతో వాటికి ఏ పోలికా లేదు. వాటి నడుమ ఒక జత జోకరు చేపలు, ఒక పసుప్పచ్చ చేప, మీసాల రొయ్య ఒకటి, పని తప్ప మాట తెలియని నత్తలు కొన్ని. ఆయన లిఫ్టులు బిగించే కంపెనీలో మెకానిక్కు. పొద్దస్తమానం చీకటి గొట్టాల్లో వేలాడి ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా తొట్టి ముందు స్టూలు మీద కూలబడేవాడు.

"అందరి మొగుళ్లూ ఇంటికి రాగానే పెళ్లాం మొహం చూస్తారు. మా ఆయన నా సవతి మొహం చూస్తాడు," అని పిన్ని గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునే కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె మాత్రం నవ్వేది కాదు, సూదులు రాలిపోతాయని.

వీధిలో అందరూ ఆమెను మిషను పిన్ని అనే పిలిచేవారు. పగలంతా ముందుగదిలో కుట్టు మిషను చప్పుడు వినిపించేది.

ఆ గోడ మీదికి చివరికి సుత్తి ఎలా వచ్చిందంటే, ఒకరోజు ఆయన తొట్టిలోంచి తీసిన నీళ్ల బకెట్టు పట్టుకుని వంటింట్లోంచి వెళ్తూ ఆమె వీపుకు తగిలాడు. ఆమె చెయ్యి వెళ్లి వేడి పెనానికి అంటుకుంది. మోచేతి దగ్గర అరచెయ్యంత బొబ్బ. మందు రాస్తూ ఆయన తల ఎత్తలేదు. రాయడం అయిపోయాక, "మేస్త్రిని పిలుద్దాం," అన్నాడు.

మేస్త్రి దొరకడం మాటలు కాదు. దొరికాడు. పని మొదలుపెట్టే రోజు చెప్పాడు. సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్లు ఆయన్ని దూరపు ఊళ్లో కొత్త ఆస్పత్రికి లిఫ్టులు బిగించడానికి పొమ్మన్నారు. వాయిదా వేస్తే మేస్త్రి మళ్లీ ఎప్పుడు చిక్కుతాడో ఆ మేస్త్రికే తెలియదు. పిన్ని వాయిదా వేద్దామనే అంది. అన్నది గానీ గొంతులో బలం లేదు. ఆయనకది వినిపించింది.

"కానివ్వు. తొట్టి నువ్వు చూసుకో," అన్నాడు. పురిటిబిడ్డను పరాయి ఒళ్లో పెట్టేవాళ్లు చూసినట్టు ఎటో చూస్తూ అన్నాడు.

పిన్నికి గుబులు పట్టుకున్నది అప్పుడే. తొట్టికి ఏదైనా అయితే ఆయన తిట్టడు. తిడితే బాగుండును, తిరిగి నాలుగు అనొచ్చు. ఆయన ఊరి నుంచి వచ్చి, చచ్చిన పగడాల వంక ఒకసారి చూసి, వంటింట్లోకి వచ్చి, బాగా కుదిరింది అంటాడు. ఇక ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆ వెడల్పాటి వంటింట్లో ఆమె ఒక్కతే నిలబడి వండాలి.

వెళ్లే ముందు ఆయన అన్నీ చూపించాడు. నీళ్లలో చెయ్యి పెట్టాలంటే సబ్బు వాసన కూడా ఉండకూడదు. ఆవిరైపోయినన్ని మంచినీళ్లు రోజూ పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. కరెంటు తీసే ముందు మేస్త్రి అడిగి తియ్యాలి. మురికి తేలితే వాడమని కాల్చిన నల్లబొగ్గు పలుకుల సంచి, పక్కగదిలో డ్రమ్ము నిండా కలిపి ఉంచిన ఉప్పునీళ్లు. అన్నిటికన్నా ముఖ్యం తొట్టి కింద ఉన్న నురుగు యంత్రం. అది గాలి పీల్చి, నీళ్లలో నురగ రేపి, ఆ నురగతో మురికిని పైకి లాగేస్తుంది. హాల్లో గాలి పీలిస్తే దుమ్మూ వాసనా నీళ్లలోకి పోతాయి. అందుకని దాని గాలిగొట్టానికి పొడుగాటి ప్లాస్టిక్కు గొట్టం తగిలించి, కిటికీలోంచి బాల్కనీలోకి వదిలాడు. పిన్ని ఆ గొట్టం మూతికి పలచటి మల్లుగుడ్డ టోపీ కుట్టి తొడిగింది.

తక్కినది ఆమె సొంత పని. దళసరి ప్లాస్టిక్కు పట్టాలు తెప్పించి, మిషను మీద జోడుకుట్టు వేసి, తొట్టి చుట్టూ గుడారం కుట్టింది. పైన ఊపిరాడటానికి దోమతెర గుడ్డ. ముందువైపు, పాత పరుపు గలీబుకున్న జిప్పు ఊడదీసి తలుపుగా పెట్టింది. అంచులు నేలకు టేపుతో అంటించింది. స్టూలు పట్టేంత చోటు లోపల మిగిలింది.

"నాకు ఇన్నేళ్లలో ఒక్క చొక్కా కూడా ఇంత శ్రద్ధగా కుట్టలేదు నువ్వు," అన్నాడాయన సంచీ భుజాన వేసుకుంటూ.

"మీరు చొక్కా విప్పితే కదండీ కొలతలు తీసుకునేది," అంది పిన్ని.

గోడ కొట్టిన రోజు పిన్ని జిప్పు వేసుకుని లోపల కూర్చుంది. చేపలు బెదిరి గాజుకు కొట్టుకుంటాయేమో చూస్తూ ఉండమని ఆయన చెప్పి వెళ్లాడు. బయట సుత్తి పడుతుంటే ప్లాస్టిక్కు గోడలు సన్నగా వణికాయి. కాసేపటికి దుమ్ము లేచి హాలంతా తెల్లబడిపోయింది. మేస్త్రి ఎటో కరిగిపోయాడు. వంటిల్లు కరిగిపోయింది. మిగిలింది నీలి దీపం, నీళ్లు, తను. సుత్తి దెబ్బలు ఎక్కడో చాలా దూరాన, సముద్రం అవతలి ఒడ్డున పడుతున్నట్టు వినిపించాయి.

ఆమె ఇన్నేళ్లలో తొట్టి ఎదురుగా అంతసేపు కూర్చున్నది లేదు. తుడవడానికి వంగేది, లేచేది. ఇప్పుడు కదలడానికి లేదు కాబట్టి చూసింది. నడిమధ్యన పెద్దది ఉంది. ఆయన దాన్ని పెద్దది అనే అంటాడు. బొటనవేలంత ముక్కగా తెచ్చాడట, ఇప్పుడు చాటంత ఉంది. రాతి మూతుల్లోంచి వేళ్లలాంటివి వందలు బయటికొచ్చి, ఒకే వైపుకు వంగి, మళ్లీ ఒకే వైపుకు లేస్తున్నాయి. పట్టుచీర కొంగుకు కట్టిన కుచ్చులను ఎవరో నీళ్లలో ఊపుతున్నట్టు ఉంది. ఒక్కో వేలి కొసన పచ్చటి చుక్క. జోకరు చేపల జత ఆ కుచ్చుల్లో ఒళ్లు దాచుకుని, మొహాలు మాత్రం బయటపెట్టి, ఈవిడెవరా అన్నట్టు చూశాయి.

చూస్తూ చూస్తూ పిన్ని కునికింది. కునుకులో తన ఇల్లు మొత్తం నీళ్లలో ఉంది, మిషను మీద నత్త పాకుతోంది, తాను కుట్టిన జాకెట్లన్నీ హ్యాంగర్ల నుంచి విడిపోయి చేతులూపుతూ కిటికీ వైపు ఈదుతున్నాయి. భయం వెయ్యలేదు. వాటి వెనక వెళ్లి గుండీలు కుట్టాలి కదా అనుకుంది అంతే.

"పిన్నీ, ఉన్నావా, నువ్వూ చేపవైపోయావా?" అని మేస్త్రి పట్టా మీద తడితే మెలకువ వచ్చింది. దుమ్ము కొట్టుకున్న మొహంలో అతని కళ్లు మాత్రం నల్లగా ఉన్నాయి. ఆ రొయ్య వేపుడుకు ఎప్పుడు వస్తుందని అతను అడిగాడు. రొయ్యను ముట్టుకుంటే వేపుడయ్యేది నువ్వేనని పిన్ని చెప్పింది.

సాయంత్రం ఊరి నుంచి మొగుడు ఫోను చేశాడు. పెద్దది విచ్చుకుందా అన్నదే మొదటి మాట. గోడ ఊసు ఎత్తలేదు. ఆమె ఊరికే విచ్చుకుంది అని ఊరుకోకుండా, కుచ్చుల సంగతి చెప్పింది, పచ్చ చుక్కల సంగతి చెప్పింది, పసుప్పచ్చ చేప రాయి రాయికీ ఆగి, ఇంటింటా పలకరించి పోయే పెద్దమనిషిలా తిరిగిందని చెప్పింది.  

"చెప్పు," అన్నాడాయన. "ఇంకా చెప్పు. నువ్వు చెప్తుంటే నాకే కొత్తగా ఉంది."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పనివాళ్లు అన్నాలకు కూర్చున్నప్పుడు పిన్ని గుడారంలోకి వెళ్లేది. సాయంత్రానికి చెప్పాలి కదా అని ఒకటికి రెండుసార్లు చూసేది. రెండోవారం వచ్చేసరికి ఆయనకు చెప్పాలన్నది ఒక సాకుగా మిగిలింది. బొబ్బ మానిన చోట కొత్త చర్మం లేతగా, తొట్టిలో రాతి మీద పాకే గులాబీ రంగు పగడపు పొరలాగే ఉండటం చూసి ఆమె చెయ్యి గాజుకు ఆనించి కాసేపు పోల్చుకుంది.

గోడ పోయింది. నేల మీద కొత్త పలకలు పడ్డాయి. వంటింట్లోకి హాలు కిటికీ వెలుగు సూటిగా వచ్చి పడింది. ఇక మిగిలింది రంగులు. రంగులాయన ముసలివాడు, మెత్తటి మనిషి, నడిస్తే చప్పుడుండదు, మాట్లాడితే గట్టిగా ఉండదు. గోడల సున్నం రంగుతో భయం లేదు గానీ తలుపులకూ కిటికీ చట్రాలకూ వేసే నూనెరంగు, దాన్ని పలచన చేసే టిన్నరు, ఈ రెండిటి గురించీ పిన్ని ఒంటికాలి మీద లేచి మరీ చెప్పింది. హాల్లో ఒక్క డబ్బా మూత తియ్యడానికి వీల్లేదు, వాసన తగిలినా వాటి ప్రాణం పోతుంది అంది. ఆయన చేతులు కట్టుకుని, పసిపిల్లలున్న ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలుసు తల్లీ అన్నాడు. అన్నట్టే హాల్లోకి ఒక్క డబ్బా తీసుకురాలేదు.

ఆ రోజు పొద్దున పిన్ని ఒక పెళ్లివారి జాకెట్ల కోసం మిషనుకు నూనె పోసి, ముందుగది తలుపు వేసుకుని కుట్టుకుంది. మధ్యాహ్నం జిప్పు తీసి లోపలికి వెళ్లి కూర్చుంది. కూర్చున్నాక, ఏదో తేడాగా అనిపించింది. అదేమిటో వెంటనే తెలియలేదు. గదిలో ఎవరో ఏడ్చి ఊరుకున్నాక లోపలికి వచ్చినట్టుంది.

పెద్దది ముడుచుకుని ఉంది. కుచ్చులు లేవు. రాతి మూతులు వట్టిగా, పళ్లు ఊడిన చిగుళ్లలా ఉన్నాయి. గులాబీ పొర రంగు తగ్గింది. జోకర్ల జత నీళ్ల పైకొచ్చి మూతులు తెరిచి మూస్తున్నాయి. కింద నురుగు యంత్రం గిన్నె పొంగి, నురగ బల్ల కాళ్ల మీదుగా కారుతోంది.

 పిన్ని తన చేతుల వంక చూసుకుంది. మిషను నూనె. పొద్దున తొట్టిలో మంచినీళ్లు పోసింది ఈ చేతులతోనే. ముందు పోసిందా, ముందు నూనె పట్టించిందా? కడుక్కుందా? ఎంత గుర్తు తెచ్చుకున్నా రెండు పనులూ ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. ఇన్నేళ్లు సవతి సవతి అని నవ్వించినదాన్ని నా చేతులతో నేనే చంపాను అనుకుంది. ఆయన వచ్చి, వంటిల్లు బాగా కుదిరింది అనడం ఆమెకు ఇప్పుడే వినిపించింది.

ఫోను అందుకుంది, మళ్లీ పెట్టేసింది. ఏడవడానికి కూడా టైము లేదు. మిషను మీద కుట్టు పాడైనప్పుడు ఆమె గుడ్డను చూడదు. దారం పట్టుకుని వెనక్కి వెళ్తుంది. సూది నుంచి కొక్కేనికి, కొక్కెం నుంచి కండెకు. ఎక్కడో ఒకచోట దారం చిక్కుకుని ఉంటుంది. ఇక్కడ దారం ఏది? నీళ్లలోకి తన చేతులు కాక ఇంకేం పోతున్నాయి? కరెంటు తీగలు, దీపం వెలుగు, గాలి.

గాలి.

ఆమె నేల మీద కూర్చుని, నురుగు యంత్రం దగ్గర గాలిగొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. వదలకుండా, జారనివ్వకుండా, దాని వెంట వెళ్లింది. బల్ల కింద నుంచి, గుడారం అంచు కింద నుంచి, హాలు గోడ వారగా, కిటికీ దాకా. కిటికీ రెక్క దగ్గరికి వేసి ఉంది. సందులో, గొట్టం చుట్టూ, ఎవరో పాతగుడ్డ ఎంతో ఒద్దికగా కుక్కి ఉన్నారు. బాల్కనీ తలుపు తీసింది. ఘాటు వాసనకు ముక్కు అదిరింది.

రంగులాయన బాల్కనీలో పీట వేసుకుని రంగు కలుపుకుంటున్నాడు. మూతలు తీసిన డబ్బాలన్నీ ఆయన ముందు వరుసగా ఉన్నాయి. కిటికీలోంచి వేలాడుతున్న గొట్టం మూతి, తను కుట్టిన మల్లుగుడ్డ టోపీతో సహా, టిన్నరు బకెట్టు మీదికి వంగి ఉంది. దాహమేసినదానిలా.

పొద్దుటి నుంచీ తొట్టి పీలుస్తున్నది ఆ గాలినే.

"ఏమ్మా, అలా ఉన్నావు?" అన్నాడు ముసలాయన లేస్తూ. "హాల్లో వద్దన్నావని ఇక్కడ పెట్టుకున్నాను. వాసన లోపలికి పోకుండా కిటికీ సందు కూడా కప్పేశాను."

పిన్ని తిట్టడానికే నోరు తెరిచింది.  చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషిని తిట్టే మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. గొట్టం లాగేసింది. అది ఏమిటో, ఎక్కడికి పోతుందో రెండు ముక్కల్లో చెప్పింది. ముసలాయన చేతిలోంచి కుంచె బకెట్టులోకి జారిపోయింది. ఆయన మొహం చూశాక ఆమెకు ఇక కోపం రాలేదు.

 రంగులాయన డబ్బాలన్నీ మూతలు బిగించి కిందికి మోశాడు. పిన్ని నురుగు యంత్రం ఆపింది, గొట్టం ఊడదీసి పారేసి, ఇంటికి అటువైపున్న పడకగది కిటికీ దాకా కొత్తది వేసి మళ్లీ నడిపింది. పాత బొగ్గు సంచి తీసేసి కొత్తది వేసింది. ఉత్త నీళ్లతో మోచేతుల దాకా రుద్దిరుద్ది కడుక్కుంది. డ్రమ్ములో నీళ్లు బకెట్టు తర్వాత బకెట్టు మోసి, తొట్టిలోవి తీసి, ఇవి పోసింది. మిగిలిన సామాను తీసుకుపోవడానికి వచ్చిన మేస్త్రి అడగకుండానే బకెట్టు రెండో చెవి పట్టుకున్నాడు. వేపుడు జోకు వెయ్యలేదు.

చేపలు పైనుంచి దిగాయి. పెద్దది విచ్చుకోలేదు.

రంగులాయన వెళ్లబోతూ గడప దగ్గర నిలబడ్డాడు. కిటికీలకు ఒక చెయ్యి రంగు పడింది, రెండో చెయ్యి మిగిలింది, తలుపులు సగంలో ఉన్నాయి, ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. ఇంకొక్క రోజు పని. వంటిల్లు పూర్తయిపోతుంది. పిన్ని ఆ సగం తలుపుల వంక చూసింది. ఎన్నేళ్లుగానో కలగన్న వంటిల్లు. కిటికీ వెలుగు పొయ్యి బండ దాకా వచ్చి పడుకుని ఉంది.

"అది విచ్చుకున్నాక కబురు చేస్తాను పెద్దాయనా," అంది.

"విచ్చుకోకపోతే?"

"తలుపులు అలాగే ఉంటాయి."

సాయంత్రం ఫోనులో ఆమె దాచలేదు. ముడుచుకుంది అని మొదలుపెట్టి, బకెట్టు దాకా, ముసలాయన మొహం దాకా చెప్పింది. ఆయన అడ్డురాలేదు. చివర, "వస్తున్నాను," అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటలో ఏముందో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు.

మర్నాడు పొద్దెక్కాక వచ్చాడు. చెప్పులు విప్పి, సంచీ దింపి, గుడారం జిప్పు తీసి లోపలికి వెళ్లాడు. పిన్ని బయటే నిలబడింది. ప్లాస్టిక్కు పట్టాల వెనక ఆయన నీలి నీడలా వంగాడు, లేచాడు, మళ్లీ వంగాడు. ఆమె కళ్లు మూసుకుని, బాగా కుదిరింది అనే ఆ మాట కోసం ఎదురుచూసింది. ఆయన బయటికి వచ్చి, గోడ లేని చోటుని, సగం రంగు తలుపులనీ చూశాడు.

"రంగులాయన్ని ఎందుకు పంపేశావు?" అన్నాడు.

ఆమె చెప్పింది.

"నీకేమైనా పిచ్చా? గొట్టం బాల్కనీలోకి వేసింది నేను కదే. నువ్వు నా మాట విన్నావు, ఆయన నీ మాట విన్నాడు. ఇంత మంచివాళ్లు ఒకచోట చేరితే పాపం ఆ పగడం ఏం చేస్తుంది?" అన్నాడాయన. నవ్వబోయి, నవ్వు కుదరక, గోడ ఉండిన చోట నేల మీద చతికిలబడ్డాడు. "గులాబీది పోయిందే," అన్నాడు చిన్నపిల్లాడిలా. "తెల్లబడిపోయింది."

ఆయన తిడితే బాగుండుననుకున్న పిన్ని, ఆయన ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక పక్కన కూర్చుంది. ఇద్దరూ కాళ్లు చాపుకుని కూర్చున్నా ఒకరి మోచెయ్యి ఒకరికి తగలనంత చోటుంది అక్కడ. పిన్ని కాస్త జరిగి, తగిలేట్టు కూర్చుంది.

"పెద్దది?" అంది.

"తెలీదు. దానిష్టం."

ఆ తర్వాతి రోజుల్లో గుడారంలో స్టూళ్లు రెండయ్యాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టే ఉండేవి. ఆయన పనికి వెళ్లొచ్చి కూర్చునేవాడు, ఆమె మధ్యలో లేచివెళ్లి కుట్టుకుని వచ్చేది. రంగులాయన వీధిలో కనిపించినప్పుడల్లా అడిగేవాడు. లేదు పెద్దాయనా అనేది. సగం రంగు తలుపుల వంటింట్లో వంట చేసుకుంటుంటే, రానురాను ఆ తలుపులు ఆమెకు వెలితిగా కనిపించడం మానేశాయి.

ఒక తెల్లవారుజామున, తొట్టి దీపం తనంతట తాను మెల్లగా నీలంలోంచి తెలుపులోకి మారే వేళ, పిన్నికి మెలకువ వచ్చింది. ఆయన పడకగదిలో గుర్రు పెడుతున్నాడు. ఆమె వెళ్లి జిప్పు పన్ను పన్నుగా, చప్పుడు కాకుండా తీసింది. లోపల గాలి ఉప్పగా, చల్లగా ఉంది. జోకర్లు పెద్దదాని మీద ఒక రాతి మూతి దగ్గర కదలకుండా నిలబడి, దాన్నే చూస్తున్నాయి.

ఆమె వాటి పక్కనుంచి చూసింది. ఆ మూతిలో, కొత్తగా తొడిగిన మొగ్గలో రేకుల్లా, ఏవో మసకగా కనిపించాయి. నీళ్లు ఒకసారి కదిలాయి. వాటితో పాటు అవీ కదిలాయి. ఒక వేలు బయటికి వచ్చింది, కొసన పచ్చ చుక్కతో. చాలాసేపటికి ఇంకొకటి.

పిలుద్దామని పిన్ని లేవబోయింది. ఆయన ఎంత పరుగున వస్తాడో ఆమెకు తెలుసు. మళ్లీ కూర్చుంది. మూడోది వచ్చాక పిలుద్దాం అనుకుంది, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ముక్కు గాజుకు ఆనించి.